కొన్ని వారాలకోసారి దేశం మారే మెనూ, అందుబాటు ధరలో ఫైన్ డైనింగ్: వెళ్లొచ్చా?

నీలిమేఘం

నమస్కారం అండీ. కొన్ని వారాలు ఒక దేశం వంట, ఆ తర్వాత ఇంకో దేశం వంట పెట్టే రెస్టారెంట్ ఒకటి మాకు దగ్గర్లో ఉంది. ఆరు కోర్సుల టేస్టింగ్ మెనూ, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఆరు చిన్న ప్లేట్లు. సర్వీసు అంతా ఫైన్ డైనింగ్ పద్ధతిలోనే ఉంటుందట. ధర మాత్రం పేరున్న పెద్ద చోట్లతో పోలిస్తే సగం కూడా లేదు. పెళ్లిరోజుకి మేమిద్దరం వెళ్దామనుకుంటున్నాం. ఇప్పుడు పెరూ మెనూ నడుస్తోంది.

వెళ్లాలని చాలా ఉంది కానీ కొన్ని అనుమానాలున్నాయి. ఇంత తక్కువకి ఎలా ఇవ్వగలుగుతున్నారు? ఎక్కడ కోత పెడుతున్నారు? నెలన్నరకోసారి దేశం మార్చేవాళ్లకి ఏ వంటైనా సరిగ్గా పట్టుబడుతుందా? పైగా మావారు చేప, మాంసం ముట్టరు. డబ్బంతా బుకింగ్ అప్పుడే కట్టేయమంటున్నారు, అదొక టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు, ఆ రంగంలో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి.

లెక్కలమాస్టారు

నీలిమేఘం గారూ, హోటళ్ల లెక్కలు చూడటమే నా పని కాబట్టి ధర సంగతి నేను చెప్తాను.

మామూలు రెస్టారెంట్‌లో మెనూ కార్డు మీద నలభై యాభై వంటకాలుంటాయి. ఆ రాత్రి ఎవరు ఏది అడుగుతారో ఎవరికీ తెలియదు. అందుకని అన్నిటికీ సరుకు సిద్ధంగా పెట్టుకోవాలి. ఎవరూ అడగనిది పాడైపోతుంది, దాని ఖర్చు మీరు తిన్న ప్లేటు మీదే పడుతుంది. ఒకటే మెనూ అయితే ఆ బాధ లేదు. అరవై మంది బుక్ చేసుకుంటే అరవై మందికి సరిపడా చేప తెప్పిస్తారు, అంతే. వంటవాళ్లు కూడా తక్కువ మంది చాలు, ఎందుకంటే అందరూ చేసేది ఆ ఆరు వంటకాలే. హోటల్ బిల్లులో సుమారు 30 శాతం సరుకుకి, ఇంచుమించు అంతే జీతాలకి పోతుందనేది ఈ వ్యాపారంలో అందరూ వేసుకునే లెక్క. ఆ రెండూ తగ్గితే ధర తగ్గించడానికి చోటు దొరుకుతుంది. వాళ్లేదో దానం చేస్తున్నారని గానీ, నాసిరకం పెడుతున్నారని గానీ అనుకోనక్కర్లేదు.

ముందే డబ్బు కట్టించుకోవడం కూడా ఇందులో భాగమే. బుక్ చేసి రానివాళ్లే ఇలాంటి చోట్లకి పెద్ద నష్టం. షికాగోలో 2011లో షెఫ్ గ్రాంట్ ఏకట్జ్, ఆయన వ్యాపార భాగస్వామి నిక్ కొకోనస్ కలిసి తెరిచిన ‘నెక్స్ట్’ అనే రెస్టారెంట్ ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. కొన్ని నెలలకోసారి మెనూ మొత్తం మార్చేస్తారు. మొదటి మెనూ 1906 నాటి పారిస్, అంటే పేరున్న ఫ్రెంచి షెఫ్ ఎస్కాఫియే కాలం నాటి వంటలు. ఆ తర్వాతది థాయిలాండ్. నాటకానికి టికెట్లు అమ్మినట్టు భోజనానికి ముందే టికెట్లు అమ్మారు. వారం మధ్యలో తక్కువ ధర, వారాంతంలో ఎక్కువ. నెక్స్ట్ చవక చోటేమీ కాదు కానీ ఆ అమ్మకం పద్ధతిని తర్వాత చాలామంది అందిపుచ్చుకున్నారు. అందుబాటు ధరలో అదే పని చేసినవాళ్లలో ‘సిక్స్ బై నీకో’ ముందు గుర్తొస్తుంది. 2017లో గ్లాస్గోలో మొదలైంది. ఆరు కోర్సులు, ఆరు వారాలకో కొత్త మెనూ.

కాబట్టి ముందే కట్టమంటే భయపడకండి. తేదీ మార్చుకోవడానికి ఎన్ని గంటల ముందు చెప్పాలో మాత్రం కట్టేముందే చదవండి.

పొయ్యిదగ్గర

మాస్టారు చెప్పింది నిజం. ఇలా మెనూలు మార్చే కిచెన్‌లో నేను పనిచేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను.

కోత పెట్టేది ఖరీదైన సరుకులో. లాబ్‌స్టర్, ఫిల్లే ముక్కలు, ట్రఫుల్ మీకు కనపడవు. వాటి బదులు బుగ్గ మాంసం, భుజం మాంసం, మాకరెల్ లాంటి చేపలు, దుంపలు, పప్పుగింజలు వస్తాయి. ఇవి తక్కువ ధరవే, కానీ తక్కువ రుచివి కావు. బుగ్గ మాంసాన్ని సన్నని సెగ మీద గంటల తరబడి ఉంచితే చెంచాతో విరిగేంత మెత్తబడుతుంది. ఫిల్లేకి ఆ రుచి రానే రాదు. డబ్బు పెట్టాల్సిన చోట శ్రమ పెడతారన్నమాట. పెరూ ఈ లెక్కకి చక్కగా సరిపోతుంది. వాళ్ల ఆంటికూచో అంటే ఎద్దు గుండె ముక్కలు పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాల్చేది. వీధిలో పుట్టిన వంట. మంచి కిచెన్ దాన్ని ఏ పెద్ద బల్ల మీదికైనా తేగలదు.

ఇక మెనూ మారే వారం. పాత మెనూ ఆఖరి రాత్రి సర్వీసు అయ్యాక ఫ్రిజ్‌లు ఖాళీ చేస్తాం, డబ్బాల మీద లేబుళ్లు పీకేస్తాం, ఏ స్టేషన్‌లో ఎవరుంటారో మళ్లీ రాసుకుంటాం. షెఫ్ కొత్త ప్లేటు ఒకటి చేసి పాస్ మీద, అంటే ప్లేట్లు సర్వర్లకి అందించే బల్ల మీద పెడతాడు. అందరం దాని ఫోటో తీసుకుని ఎవరి స్టేషన్ దగ్గర వాళ్లు అతికించుకుంటాం. సాస్ చుక్క ఎక్కడ పడాలి, ఆకు ఏ వైపు వాలాలి అన్నీ ఆ ఫోటోలోనే ఉంటాయి. మొదటి రెండు మూడు రోజులు ప్రతివాడూ ప్లేటు పెట్టేముందు ఆ ఫోటో వైపు చూస్తాడు. ఆ ఒక్క చూపుకి పట్టే సమయంలో అన్నం మీద మెరుపు పోతుంది, వేడి సాస్ మీద మీగడ కడుతుంది. రెండో వారానికి ఎవరూ ఫోటో చూడరు, చేతికే తెలిసిపోతుంది. అందుకని మొదటి వారం బుక్ చేయకండి. ఆఖరి నాలుగైదు రోజులు కూడా వద్దు, అప్పటికి సగం బుర్ర తర్వాతి మెనూ మీద ఉంటుంది. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, వారం మధ్యలో వెళ్లండి.

రుచిచూపు

వ్యాపారం తెలివైనదే, ఒప్పుకుంటాను. కానీ నీలిమేఘం గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆరు వారాల్లో ఒక దేశం వంట రాదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మెక్సికో తీసుకోండి. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి రుబ్బితే గానీ అసలైన టోర్టియా పిండి రాదు. ఆ పని వల్లే గింజలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. అది తెలియకుండా మొక్కజొన్న మీదే బతికిన దేశాల్లో పెలాగ్రా జబ్బు వచ్చింది. వందల ఏళ్లు ఒక ప్రజ చేతుల్లో నలిగిన పని అది. ఇథియోపియాలో దోసెలాంటి ఇంజెరా చేసే పిండి రెండు మూడు రోజులు పులవాలి, ఆ పులుపు ఎప్పుడు ఆపాలో చెయ్యి చెప్పాలి. చైనా వంటలో వోక్ అనే లోతైన కళాయి కింద మంట మామూలు పొయ్యి మంటకి ఎన్నో రెట్లు. ఆ మంట లేని కిచెన్‌లో ఆ పొగవాసన తెప్పించడం ఎవరివల్లా కాదు.

ఇవన్నీ ఆరు వారాలకోసారి మార్చుకుంటూ పోతే మిగిలేది ఏంటంటే, ఒకే రకం ఫ్రెంచి పద్ధతి వంట మీద ఒక్కో దేశం మసాలా చల్లడం. నాకు అదే ఎక్కువ చోట్ల కనిపించింది. జపాన్ అన్నారు, మీసో అనే పులిసిన సోయా ముద్ద కలిపిన వెన్న సాస్ పోశారు. మొరాకో అన్నారు, అదే వెన్న సాస్‌లో హరీసా అనే మిరప ముద్ద కలిపారు.

దూరతీరం

రుచిచూపు గారి కోపం నాకు అర్థమవుతుంది. అయితే అసలు ఇబ్బంది ఆరు వారాల్లో కాదు, ఆరు కోర్సుల్లో ఉందని నా అభిప్రాయం.

ఒకదాని తర్వాత ఒకటి ప్లేటు రావడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు కాదు. యూరప్‌లో కూడా అది 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. అంతకుముందు ఫ్రాన్స్‌లో పెద్దింటి విందంటే పళ్లేలన్నీ బల్ల మీద ఒకేసారి పరిచేసేవాళ్లు. రష్యా పద్ధతి పారిస్‌కి వచ్చాక వరుస మొదలైంది. రష్యా రాయబారి కురాకిన్ దాన్ని అక్కడ పరిచయం చేశాడని చెప్తారు. ఇవాళ ఫైన్ డైనింగ్ అని మనం పిలిచేదంతా ఆ వరుస మీదే నిలబడి ఉంది.

థాయ్ భోజనంలో ఆ వరుస లేదు. అన్నం మధ్యలో ఉంటుంది, చుట్టూ కారం కూర, పులుపు చారు, పచ్చి కూరల సలాడ్, వేపుడు అన్నీ ఒకేసారి ఉంటాయి. కారంగా ఉన్నది ఒక చెంచా తిని, దాన్ని చల్లార్చేది ఇంకో చెంచా తింటారు. ఆ కారం కూరనే విడిగా నాలుగో కోర్సుగా పెడితే అది భరించలేనంత కారంగా ఉంటుంది. లేదా తినేవాళ్ల కోసం కారం తగ్గించేస్తారు, అప్పుడది చప్పగా ఉంటుంది. వంటవాడికి చేతకాక కాదు, ఆ కూర ఒంటరిగా తినడానికి పుట్టింది కాదు.

అదే జపాన్‌లో కైసెకి అనే విందు చూడండి, అది పుట్టిందే వరుసగా. పెరూ కూడా కొంతవరకు ఒదుగుతుంది. సెవిచే (నిమ్మరసం కలిపిన పచ్చి చేప), కౌసా (బంగాళాదుంప పొరలు) లాంటివి చిన్న ప్లేట్లలో చల్లగా మొదట్లో తినేవే. కాబట్టి బుక్ చేసేముందు ఆ దేశంలో ఎలా కూర్చుని తింటారో ఒక్కసారి చూసుకోండి. వరుసకి ఒదిగే దేశమైతే వెళ్లండి. ఒదగని దేశమైతే, ఆ షెఫ్ వరుసని పక్కనపెట్టి మధ్యలో ఒక కోర్సైనా అందరికీ కలిపి పళ్లెంలో ఇస్తున్నాడా అని అడగండి. ఇస్తున్నాడంటే ఆ దేశం గురించి ఆలోచించినట్టే.

పొయ్యిదగ్గర

దూరతీరం గారు మంచి సంగతి పట్టుకున్నారు. మా షెఫ్ లెబనాన్ మెనూ చేసినప్పుడు మొదటి మూడు కోర్సులు తీసేసి, బల్ల నిండా మెజ్జే, అంటే అందరూ పంచుకునే చిన్న చిన్న వంటకాలు పెట్టించాడు. ప్లేట్లు కడిగే కుర్రాళ్లు గోల పెట్టారు గానీ తినేవాళ్లకి అదే బాగా గుర్తుండిపోయింది.

రుచిచూపు గారికి ఒక మాట. ఆరు వారాల్లో దేశం రాదు, నిజమే. కానీ ఆరు వంటకాలు వస్తాయి. మూడు నెలల ముందు నుంచే ప్రయత్నాలు మొదలుపెట్టి, ఆ దేశం వంటవాళ్లనెవరినైనా పిలిపించి నేర్చుకుంటే బాగానే వస్తాయి. ఏ ఆరు ఎంచుకున్నారన్నదే అసలు పరీక్ష. కిచెన్‌లో లేని పొయ్యి అడిగే వంటకం ఎంచుకుంటే అక్కడే ఓడిపోతారు.

తెల్లకాగితం

నీలిమేఘం గారూ, మీవారి శాకాహారం సంగతి నాకు వదిలేయండి. మా ఇంట్లో ఒకరికి ఎలర్జీ, ఇంకొకరు శాకాహారి. ఇలాంటి చోటికి వెళ్లేముందు నేను ఫోన్ చేయకుండా ఉండను.

‘వెజిటేరియన్ మెనూ ఉంది’ అన్నంత మాత్రాన సరిపోదు. దేశం మారినప్పుడల్లా దాక్కునే పదార్థం మారుతుంది. జపాన్ అయితే దాశి. దాన్ని కొంబు అనే సముద్రపు పాచితో పాటు ఎండబెట్టిన బొనీటో చేప తురుముతో కాస్తారు. పైకి కూరగాయల పులుసులాగే ఉంటుంది. థాయ్ అయితే ఫిష్ సాస్, రొయ్యల ముద్ద. చైనా అయితే ఆయిస్టర్ సాస్. ఇటలీ అయితే పార్మెజాన్ చీజ్, దానికోసం పాలని దూడ పొట్టలోని రెన్నెట్‌తో విరగ్గొడతారు. ఫ్రాన్స్ అయితే సాస్ కింద ఉండే ఎముకల స్టాక్. ఏ దేశమైనా డెజర్ట్‌లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూడాలి. పెరూలో మీరు అడగాల్సింది లెచే దె టీగ్రే గురించి. సెవిచే కింద ఉండే తెల్లటి పుల్లటి రసం అది. శాకాహారికి చేప ముక్కలు తీసేసి పుట్టగొడుగులు పెడతారు కానీ కింద రసం అదే ఉండిపోతుంది, దాంట్లో చేప నలిపి ఉంటుంది.

బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పకండి. అరవై మందికి ఒకే మెనూ నడుస్తున్నప్పుడు అప్పటికప్పుడు మార్చడానికి వాళ్ల దగ్గర ఇంకో సరుకు ఉండదు. బుకింగ్ అప్పుడే రాయండి, ముందురోజు ఫోన్ చేసి ఒక్కో కోర్సు చదివించుకోండి. ఎలర్జీ ఉన్నవాళ్లకి ఇది ప్రాణం మీది సంగతి. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబర్ నుంచి 14 రకాల ఎలర్జీ పదార్థాల వివరం ఇవ్వడం తప్పనిసరి. అమెరికాలో ప్యాకెట్ల మీద రాయాల్సిన ముఖ్యమైన ఎలర్జీ పదార్థాల జాబితాలోకి 2023లో నువ్వులు కూడా చేరాయి. అయినా నెలన్నరకోసారి సరుకంతా మారే కిచెన్‌లో, మొన్నటి మెనూలో లేనిది ఇవాళ ఉంటుంది. ‘పోయినసారి తిన్నాను, ఏమీ కాలేదు’ అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

చిరుజల్లు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మేమూ అదే మెనూకి వెళ్దామనుకుంటున్నాం, నేను కడుపుతో ఉన్నాను. సెవిచేలో చేప నిమ్మరసంలో ఉడుకుతుందంటారు కదా, తినొచ్చా?

తెల్లకాగితం

వద్దు చిరుజల్లు గారూ. నిమ్మరసానికి చేప తెల్లబడి గట్టిపడుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. కానీ సూక్ష్మజీవులు వేడికి చచ్చినట్టు పులుపుకి చావవు. పచ్చిగా వడ్డించే చేపని −20 డిగ్రీల సెల్సియస్‌లో 7 రోజులు ఉంచాలని అమెరికాలో ఆహారం, మందులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్తుంది. అది పరాన్నజీవుల కోసం. బ్యాక్టీరియా గడ్డకట్టినంత మాత్రాన పోదు. మీ డాక్టర్‌ని అడగండి, రెస్టారెంట్ వాళ్లకి మాత్రం ఇప్పుడే చెప్పండి, ఆ కోర్సు మార్చి ఇస్తారు. దాంతోపాటు చీజ్ పాశ్చరైజ్ చేసిందో కాదో, డెజర్ట్‌లో పచ్చి గుడ్డు ఉందో లేదో కూడా అడగండి.

మౌనగీతం

చాకులు, ఫోర్కుల గురించి ఎవరూ అడగలేదు కానీ మొదటిసారి వెళ్లేవాళ్లందరికీ లోపల ఆ బెరుకు ఉంటుంది. బయటి నుంచి లోపలికి వాడుకుంటూ రండి, చాలు. కోర్సు మారినప్పుడు వాళ్లే మార్చేస్తారు. తినడం అయిపోతే చాకు, ఫోర్కు పక్కపక్కన పెట్టండి, ఇంకా తింటుంటే విడివిడిగా ఉంచండి. ఏదైనా అర్థంకాకపోతే సర్వర్‌ని అడగండి. ఇలాంటి చోట్ల ఆ సర్వర్ రోజూ అవే ఆరు ప్లేట్ల గురించి చెప్తుంటాడు, అడిగితే సంతోషంగా చెప్తాడు.

నీలిమేఘం

అందరికీ ధన్యవాదాలు. వెళ్లొచ్చాం. మూడో వారంలో, బుధవారం. చూసింది చూసినట్టు రాస్తాను.

మొదట వచ్చింది సెవిచే. గిన్నె ముట్టుకుంటే చేతికి చల్లగా తగిలింది. చేప ముక్కలు బొటనవేలంత లావున్నాయి. అంచు తెల్లబడింది, కొరికితే మధ్యలో ఇంకా అద్దంలా ఉంది. నిమ్మరసంలో గంటలు నానబెట్టింది కాదు, తెచ్చే కొద్ది నిమిషాల ముందు కలిపింది. పెరూ వలస వెళ్లిన జపనీయుల చేతి చలవ అదని సర్వర్ చెప్పాడు, మొదటి ఓడ 1899లో వెళ్లిందట. పక్కన చిలగడదుంప ముక్క, పెద్ద పెద్ద మొక్కజొన్న గింజలు ఉన్నాయి. పులుపు తగిలినప్పుడల్లా ఆ దుంప ఒక ముక్క తింటే నోరు సర్దుకుంది. మావారికి అదే గిన్నెలో పుట్టగొడుగులు వచ్చాయి. తెల్లకాగితం గారు చెప్పినట్టు ముందురోజు ఫోన్ చేసి రసం గురించి అడిగాను. అవతలి అమ్మాయి కాసేపు ఆగమని, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, ఆయనకి సెలెరీ, అల్లం, నిమ్మకాయతో విడిగా చేస్తామంది. ఆ ఫోన్ చేయకపోతే ఏం వచ్చేదో మరి.

తర్వాత కౌసా. పసుపు రంగు బంగాళాదుంపని మెత్తగా చేసి, నిమ్మరసం, ఆహీ అమరిల్లో మిరపకాయ కలిపి పొరలుగా పేర్చారు. చల్లటి దుంప ఇంత బాగుంటుందని నేను అనుకోలేదు. మూడోది ఆంటికూచో. పొయ్యిదగ్గర గారు రాసింది చదివి ఉండకపోతే వద్దని చెప్పేదాన్ని. మావారికి దాని బదులు కాల్చిన పుట్టగొడుగుల పుల్ల వచ్చింది. వరుసగా రెండుసార్లు పుట్టగొడుగులే అయ్యేసరికి ఆయన మొహం చూశాను, ఏమీ అనలేదు.

నిరాశపడింది లోమో సాల్టాడో దగ్గర. మాంసం, ఉల్లిపాయ, టమాటా కలిపి పెద్ద మంట మీద వేయించేది. ఉల్లిపాయలు మెత్తబడి నీళ్లు వదిలాయి, ప్లేటు అడుగున పల్చటి గోధుమరంగు నీళ్లు చేరాయి. సోయా సాస్ ఉప్పు తప్ప ఇంకేమీ తెలియలేదు. మిగతావి అంత శ్రద్ధగా చేసినవాళ్లు ఇదెందుకు ఇలా పెట్టారో అర్థంకాలేదు.

డెజర్ట్ పికరోనెస్, గుమ్మడి, చిలగడదుంప కలిపిన పిండితో చుట్టిన రింగులు. వేడివేడిగా పాకంతో వచ్చాయి. మొత్తం మీద మాకు బాగా నచ్చింది. కానీ రెండు గంటలు కాగానే బల్ల ఖాళీ చేయాలని చెప్పారు, కాఫీ తొందరగా తాగాల్సి వచ్చింది. పెళ్లిరోజు నాడు అది కొంచెం బాధనిపించింది.

చిరుజల్లు

కడుపు నిండిందా అండీ? ఫోటోల్లో ప్లేటు పెద్దగా, తిండి చిన్నగా కనిపిస్తుంది.

నీలిమేఘం

నాకు నిండింది. మావారికి కొంచెం వెలితిగా ఉంది, ఆయన ప్లేట్లలో దుంప తప్ప బరువైనదేమీ రాలేదు. బ్రెడ్ ఇంకోసారి అడిగితే నవ్వుతూ తెచ్చిచ్చారు, దానికి డబ్బు వేయలేదు.

రుచిచూపు

లోమో సాల్టాడో దగ్గర ఏం జరిగిందో మీ వర్ణనలోనే తెలిసిపోతోంది. అది చైనా నుంచి పెరూ వెళ్లిన కూలీలు, వాళ్ల పిల్లలు వోక్ పట్టుకుని తయారుచేసిన వంట. వోక్ మంట లేకపోతే అది లేనట్టే. సెవిచే, కౌసా మీరు చెప్పినంత బాగా చేశారంటే మాత్రం ఆ కిచెన్ మీద నాకు గౌరవం పెరిగింది, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను.

పొయ్యిదగ్గర

సరిగ్గా అదే. దాదాపు ఖాయంగా చెప్తాను, అక్కడున్నది ఇండక్షన్ పొయ్యి. పైగా ఇరవై ప్లేట్లు ఒకేసారి వెళ్లాలి. కళాయిలో ఒకేసారి ఎక్కువ మాంసం పడగానే వేడి పడిపోతుంది, మాంసం వేగడం మానేసి తన నీళ్లలో తానే ఉడుకుతుంది. ఇద్దరికి చేస్తే అదే వంటవాడు బ్రహ్మాండంగా చేసి ఉండేవాడు. ఆ స్థానంలో సెకో పెట్టాల్సింది. కొత్తిమీర ముద్దలో మాంసాన్ని నెమ్మదిగా ఉడికించే కూర అది. పొద్దున్నే చేసిపెట్టుకోవచ్చు, సాయంత్రానికి ఇంకా రుచి పడుతుంది, అరవై మందికైనా ఒకేలా వెళ్తుంది. మెనూ చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. నెమ్మదిగా ఉడికేవి, ముందే ఊరేవి, చల్లగా వడ్డించేవి ఎక్కువగా ఉంటే ఆ షెఫ్‌కి తన కిచెన్ గురించి తెలుసు. అప్పటికప్పుడు పెద్ద మంట మీద చేసేవి రెండు మూడు కనిపిస్తే అనుమానించండి.

మీవారికి రెండుసార్లు పుట్టగొడుగులు పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. దుంపల పుట్టిల్లు లాంటి దేశం అది. ఆండీస్ కొండల్లో వేల రకాల బంగాళాదుంపలున్నాయి, వాటి మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన కేంద్రం లీమాలోనే ఉంది. కీన్వా కూడా ఆ కొండలదే. శాకాహారికి పెట్టడానికి అక్కడ కరువేంటి? ఇది వాళ్లకి రాయండి, తప్పకుండా రాయండి. ఆ ఉత్తరాలు షెఫ్ చదువుతాడు.

లెక్కలమాస్టారు

రెండు గంటల సంగతి. బల్ల రాత్రికి రెండుసార్లు నిండితేనే ఆ ధర నిలబడుతుంది. ఆ నియమం మీద కోపం వద్దు కానీ బుక్ చేసేటప్పుడు రెండో విడత సమయం అడగండి. మీ తర్వాత ఎవరూ ఉండరు కాబట్టి లేవమని అడిగేవాళ్లూ ఉండరు.

ఇంకో సంగతి, నీలిమేఘం గారు రాయలేదు. మెనూ ధర తక్కువ పెట్టిన చోట లాభం డ్రింక్స్‌లో, అదనపు కోర్సుల్లో ఉంటుంది. కూర్చోగానే ‘మొదట్లో ఒక చిన్న స్నాక్ ఉంది’ అంటారు, మెనూలో భాగమే అనుకుంటాం, బిల్లులో విడిగా వస్తుంది. ప్రతి కోర్సుకీ జతగా వైన్ తీసుకుంటే మొత్తం బిల్లు దాదాపు రెట్టింపయ్యే చోట్లు చూశాను. అడగడంలో మొహమాటం ఏమీ లేదు, ‘ఇది మేం కట్టినదాంట్లో ఉందా’ అని అడగండి.

నీలిమేఘం

అవును మాస్టారూ, స్నాక్ అడిగారు, మేం వద్దన్నాం. వైన్ బదులు చీచా మొరాదా తీసుకున్నాం. ఊదారంగు మొక్కజొన్నని అనాసపండు తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో కాచిన చల్లటి డ్రింక్. అది ఒక్కటే ఆరు కోర్సులకీ సరిపోయింది.

ఇంకో సందేహం. తర్వాతి మెనూ ఇథియోపియా అని చెప్పారు. దూరతీరం గారు రాసినదాని ప్రకారం అది వరుసకి ఒదిగే దేశం కాదు కదా. మావారు మాత్రం వెళ్దామంటున్నారు.

దూరతీరం

ఒదగదు. అక్కడ పెద్ద పళ్లెం నిండా ఇంజెరా పరిచి, దాని మీదే కూరలన్నీ కుప్పలుగా పెడతారు, చుట్టూ కూర్చున్న అందరూ చేత్తో తుంచుకుని తింటారు. పక్కవాళ్లకి ముద్ద చుట్టి నోట్లో పెడతారు, దాన్ని గుర్షా అంటారు. ప్రేమ, గౌరవం రెండూ అందులో ఉంటాయి. కింద ఇంజెరా కూరల రసమంతా పీల్చుకుంటుంది, ఆఖరున మిగిలే ఆ అడుగు పొరే అన్నిటికన్నా రుచి. దాన్ని నాణెమంత గుండ్రాలుగా కోసి, మీద చెంచాడు కూర పెట్టి ఇస్తే ఆ అడుగు పొర ఉండదు, గుర్షా ఉండదు. ఫోన్ చేసి ఒక్కటే అడగండి, ఇద్దరికీ కలిపి పళ్లెం ఇస్తారా అని.

నీలిమేఘం

అడిగాను. రెండు చిన్న ప్లేట్ల తర్వాత మూడు, నాలుగు, ఐదు కోర్సులు కలిపి ఒకే పళ్లెంలో ఇస్తారట. చేతులు కడుక్కోవడానికి బల్ల దగ్గరికే నీళ్లు తెస్తారట. పిండి పులియబెట్టడం ఇప్పటికే మొదలుపెట్టి రోజూ రుచి చూస్తున్నామని చెప్పారు.

రుచిచూపు

ఈ మెనూకి నేనూ వస్తాను.

తెల్లకాగితం

నీలిమేఘం గారూ, ఈసారి మీవారికి పుట్టగొడుగులతో సరిపెట్టాల్సిన పని ఉండదు. ఇథియోపియా ఆర్థొడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు, ఈస్టర్ ముందు వారాల తరబడి ఉపవాసం ఉంటారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకని మీసిర్ వోట్, షీరో, గోమెన్ లాంటి పప్పు, శనగపిండి, ఆకుకూర వంటలు అక్కడ సొంతంగా ఎదిగాయి, దేనికో బదులుగా పుట్టినవి కావు. పాలు తినేవారైతే ఏ ఇబ్బందీ లేదు. అసలు పాలే ముట్టనివాళ్లు మీతో వస్తే మాత్రం నీటర్ కిబ్బె అడగాలి, మసాలా వేసి కాచిన వెన్న అది, ఉపవాసం లేని రోజు వండే పప్పులో కూడా పడుతుంది. ఇంకొకటి, ఇంజెరా చేసే టెఫ్ గింజలో గ్లూటెన్ ఉండదు కానీ చాలా కిచెన్లలో ఇంజెరా పిండిలో గోధుమ గానీ బార్లీ గానీ కలుపుతారు. గ్లూటెన్ పడనివాళ్లు ఉంటే పూర్తి టెఫ్‌తో చేసింది విడిగా ఇస్తారేమో బుకింగ్ రోజే రాయించుకోండి. పిండి మూడు రోజుల ముందే కలపాలి కాబట్టి ముందురోజు ఫోన్ చేసినా అప్పటికి ఆలస్యమవుతుంది.